ఫెరారీని బతికించింది అమెరికా డాలరేనా? నాస్కార్ చూసేవాళ్ళకి ఆ బళ్ళ విలువేం తెలుసు?

పద్మిని1100:
అమెరికాలో షార్లెట్‌లో ఉండే మా కజిన్ నిన్న నాస్కార్ (అక్కడి కార్ల రేసు) వీడియో పంపి "అసలు రేసింగ్ అంటే ఇదీ" అన్నాడు, ఒళ్ళు మండిపోయింది. పొద్దస్తమానం ఎడం పక్కకే తిరగడం, గానుగెద్దుకైనా మధ్యలో విప్పి కాస్త గడ్డేస్తారు. అవతల చూస్తే మోడెనాలో స్కాలియెట్టి వర్క్‌షాపులో అల్యూమినియం రేకుని చేత్తో సాగగొట్టి చేసిన రేసు బండి ఫెరారీ 250 జీటీఓ, 1962 నుంచి 64 దాకా 36 బళ్ళే. అందులో ఒకటి 2023లో న్యూయార్క్ వేలంలో 5 కోట్ల 17 లక్షల డాలర్లకి పోయింది. కొనే డబ్బు వాళ్ళ దగ్గరుంది సరే, చూసే కన్నుందా?

నాలుగోగేరు:
వేలంలో పోయింది 330 ఎల్ఎం, 4 లీటర్ల ఇంజిన్. 36 లెక్క 3 లీటర్ల వాటిది. కలపకండి.

షార్లెట్‌బాబాయ్:
మీ కజిన్ నేను కాదు గానీ నేనూ షార్లెట్‌లోనే ఉంటా కాబట్టి చెప్తున్నా. ఎడం పక్కకే అన్నారు కదా, నాస్కార్ జరిగే వాట్కిన్స్ గ్లెన్, సొనోమా ట్రాకులు చూడండి, కుడి మలుపులు బోలెడు. అసలు డేటోనా ట్రాకు మలుపులో 31 డిగ్రీల వాలు, దాని మీదకి మనిషి నడిచి ఎక్కడానికే ఆయాసం. ఇక ఫెరారీ సంగతి. అమెరికాలో స్థిరపడ్డ లూయిజీ కినెట్టి అనే ఇటలీ ఆయన 1949లో లె మాన్ (ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు) గెలిచాడు, అమెరికాలో ఫెరారీలు అమ్మాడు, నార్ట్ అని సొంత టీమ్ పెట్టాడు. 1965లో లె మాన్‌లో ఫెరారీ కంపెనీ సొంత బళ్ళు ఒక్కొక్కటీ మూలపడితే గెలిచింది ఆయన టీమ్ 250 ఎల్ఎం, నడిపినవాళ్ళలో ఒకడు కాన్సస్ సిటీ మాస్టెన్ గ్రెగరీ. ఆ తర్వాత లె మాన్‌లో ఫెరారీకి మళ్ళీ ఓవరాల్ గెలుపు రావడానికి 2023 దాకా ఆగాల్సొచ్చింది. రుచి లేనివాళ్ళ పనేనా ఇది?

పద్మిని1100:
బండి ఎవరు చేశారండీ? వంట అమ్మ చేస్తే వడ్డించినవాడికి పేరా?

షార్లెట్‌బాబాయ్:
పచారీ కొట్టు బాకీ తీర్చినవాడికి లేదా మరి? కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ రోడ్డు కార్లు అమ్మిందే రేసులకి డబ్బు కోసం. బళ్ళకి కాలిఫోర్నియా, సూపర్ అమెరికా అని పేర్లు పెట్టుకుంది ఎవరి కోసం, ఇటలీలోని బొలోన్యా వాళ్ళ కోసమా?

సింగిల్‌సీటు:
ఫెరారీ 365 జీటీబీ4ని జనం డేటోనా అని పిలిచేది కూడా 1967లో అక్కడ 24 గంటల రేసులో ఫెరారీలు మొదటి మూడు స్థానాలూ కొట్టినందుకే కదా. మీ గానుగ ఊరి పేరే అది 😄

పద్మిని1100:
ఆ రేసు వేరే, అందులో లోపలి రోడ్డు కూడా కలుస్తుంది. ఇంకోటి, 1963లో ఫోర్డ్ వాళ్ళు కొనడానికొస్తే రేసింగ్ ఖర్చు మీద ఆఖరి మాట వాళ్ళదే అన్న షరతు చూసి ఎంజో లేచిపోయాడు. 1969లో సగం వాటా ఫియట్‌కిచ్చాడు, రేసింగ్ మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నాడు. డబ్బుకి అన్నీ రావు.

నాలుగోగేరు:
36 అన్నారు, 4 లీటర్లవి కలిపితే 39 అంటారు. ఏది తీసుకుంటున్నారో ముందే చెప్పాల్సింది.

పద్మిని1100:
అయ్యా వదిలెయ్యండి దండం పెడతా.

షార్లెట్‌బాబాయ్:
మీరు ఒక్క రేసైనా ట్రాక్ పక్కన నిలబడి చూశారా? ఇక్కడ మా పక్కింటాయన ప్లంబర్, పికప్‌లో టెంటూ కోళ్ళ మాంసం వేసుకుని ట్రాక్ దగ్గర మూడ్రోజులు ఉంటాడు, మన దగ్గర జాతరకి బళ్ళు కట్టుకుని పోయినట్టు. నాటుసారా మోసి పోలీసులకి దొరక్కుండా తోలిన కుర్రాళ్ళ ఆట ఇది. 1949లో ఇక్కడే జరిగిన మొదటి స్ట్రిక్ట్లీ స్టాక్ (నాస్కార్‌లో మామూలు కార్ల పోటీ) రేసులో ముందొచ్చిన బండికి సారా బళ్ళకేసే స్ప్రింగులున్నాయని గెలుపు రద్దు చేశారు. పేదోడి ఆటని టీవీలో చూసి వెక్కిరించడం ఈజీ.

పద్మిని1100:
పేదోడా? టెక్సాస్‌లో విక్టోరియా అనే ఊళ్ళో ఒక జీటీఓని హైస్కూలు పిల్లలు రిపేరు నేర్చుకోడానికి ఇచ్చేశారు. అదే బండి తర్వాత ఒహాయోలో ట్రైలర్ మీద ఎండకీ వానకీ ఏళ్ళ తరబడి పడుంది! ఇదీ మీ వాళ్ళ కన్ను. వాడుకోవడం, పారెయ్యడం.

షార్లెట్‌బాబాయ్:
అప్పటికది పాత రేసు బండి మాస్టారూ, పనిముట్టు. పాత నాగలికి ఎవరైనా పూజ చేస్తారా?

పద్మిని1100:
చేస్తారు. దసరాకి చేస్తాం, అక్కడికెళ్ళి మర్చిపోయుంటారు.
సరే చెప్పేస్తా. మా నాన్న విజయవాడలో ఫియట్ 1100 టాక్సీ తోలి మమ్మల్ని ముగ్గుర్ని చదివించాడు. ఆ బండి ఇటలీ వాళ్ళ డిజైన్ అని నాకు చిన్నప్పుడే చెప్పాడు, డోరు నెమ్మదిగా వెయ్యరా అనేవాడు. ఆయన పోయాక డల్లాస్ నుంచి మా అన్నయ్య వచ్చి పది రోజులున్నాడు, నేను డ్యూటీ మీద విశాఖ వెళ్ళొచ్చేసరికి తుక్కు వాడికి తూకానికి అమ్మేశాడు, వాకిట్లో చోటు ఖాళీ అయింది కదరా అన్నాడు. ఇప్పుడు వాళ్ళింట్లో హాల్లో ఎర్ర ఫెరారీ ఫోటో, ఫ్రేము కట్టించి. ఈ మధ్య నాకు ఫోన్లో ఫెరారీ చరిత్ర చెప్తున్నాడు, నాకు.

సింగిల్‌సీటు:
అయ్యో.

షార్లెట్‌బాబాయ్:
అది మీ అన్నదమ్ముల గొడవ, దానికి అమెరికా మొత్తాన్ని తిడితే ఎట్లా. నేనూ మా నాన్న బజాజ్ చేతక్ అమ్మేశాను. నాకప్పుడు టికెట్ డబ్బులు కావాలి. ఇక్కడున్న వాళ్ళందరికీ కళ్ళు లేవంటే నాకూ కోపం వస్తుంది.

పద్మిని1100:
మీరు అవసరానికి అమ్మారు. వాడు చోటు కోసం అమ్మాడు.

షార్లెట్‌బాబాయ్:
అమ్మేటప్పుడు రెండూ ఒకలాగే ఉంటాయండీ.

నాలుగోగేరు:
ఆ స్కూల్ బండి 3 లీటర్లదే, చూశాను. అది 36లోకి వస్తుంది.

ఆటోనగర్_బాషా:
పద్మిని అన్నా, పాత ఫియట్ ఏ సంవత్సరం? తుక్కు కొట్లలో డోర్లు, గ్రిల్లు ఇంకా దొరుకుతున్నాయి. నెంబరుంటే మెసేజ్ పెట్టు, శనివారం వెళ్తున్నా, అడుగుతా.