రూట్ నిండింది: హోమ్ తగ్గించి ఇవ్వొచ్చా?

బురుజుకింద (కర్నూలు): 500 జీబీ హార్డ్ డిస్క్, ఉబుంటు లినక్స్. డిస్క్‌లో మూడు పార్టిషన్లు (భాగాలు), వరుసగా రూట్ (సిస్టమ్ ఉండేది) 30 జీబీ, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునేది) 8, మిగతాదంతా హోమ్ (నా ఫైళ్లుండేది), ఫైల్ సిస్టమ్ అన్నింటికీ ఎక్స్‌టీ4 (స్వాప్ తప్ప). రూట్ నిండి అప్‌డేట్‌లు ఆగిపోయాయి. హోమ్‌లో 280 జీబీ పెళ్లి ఫొటోలున్నాయి. పార్టిషన్లు మార్చే జీపార్టెడ్‌తో హోమ్ తగ్గించి రూట్‌కు ఇవ్వొచ్చా?

పెన్నగట్టు (కడప): ఇవ్వొచ్చు. డిస్క్‌తో పనిలేకుండా సిస్టమ్ నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చెయ్, హోమ్‌ను ఎడమ నుంచి తగ్గించు, స్వాప్‌ను కుడికి జరుపు, రూట్ పెంచు. పదిసార్లు చేశా. ఏమీ కాదు.

చీనీతోట (అనంతపురం): అంత తేలిగ్గా చెప్పొద్దన్నా. కుడి చివర తగ్గించడం వేరు, ఎడమ నుంచి తగ్గించడం వేరు. హోమ్ మొదలు జరిగితే లోపలున్న డేటా అంతా కొత్త చోటికి కాపీ కావాలి, పాత డిస్క్ మీద గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోయిందా, సగం ఇక్కడ సగం అక్కడ.

పెన్నగట్టు: ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది కదప్పా.

బురుజుకింద: నాది డెస్క్‌టాప్ అన్నా.

ఒక్కటేచాలు: అసలు హోమ్ వేరుగా పెట్టమన్నదెవరు?

పెన్నగట్టు: అయితే యూపీఎస్ పెట్టుకో. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ అయితే ఇలా తగ్గించడం కుదరదనేవాణ్ని. ఎక్స్‌టీ4 అన్‌మౌంట్ చేస్తే (వాడకం నుంచి విడదీస్తే) తగ్గుతుంది. తాము భయపడి పక్కోణ్ని భయపెట్టేవాళ్లకు నేనేం చెప్పాలి?

చీనీతోట: నా యూపీఎస్ పది నిమిషాలు నిలబడింది. కాపీ నాలుగు గంటలది. నిరుడు ఇక్కడే నీ మాట విని చేశా, అప్పుడూ "ఏమీ కాదు" అనే అన్నావు, బ్యాకప్ అన్న మాటే రాలేదు. మా పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు పోయాయి.

పెన్నగట్టు: బ్యాకప్ తీసుకోమని వేరే చెప్పాలా? అన్నం ముందు చెయ్యి కడుక్కోమని చెబుతామా?

చీనీతోట: చిన్నపిల్లలకు చెబుతాం కదా! జీపార్టెడ్ మంచిదా కాదా అన్నది కాదు నా గొడవ. పదిసార్లు చేసినోడి ధైర్యం తీసుకెళ్లి మొదటిసారి చేసేవాడి చేతిలో పెడుతున్నావు.

ఒక్కటేచాలు: అందుకే ఒక్క పార్టిషన్ చాలంటా.

గుత్తిరోడ్డు: మీరు కొట్టుకోండి. తమ్ముడూ, హోమ్ జోలికే పోవద్దు. రూట్ పక్కనే స్వాప్ ఉంది. స్వాప్ ఆపి, దాన్ని తీసేసి, రూట్‌ను ఆ 8లోకి పెంచు. ఎక్స్‌టీ4 పెంచడానికి అన్‌మౌంట్ కూడా అక్కర్లేదు. స్వాప్ ఫైల్‌ను హోమ్‌లో పెట్టుకో. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ పార్టిషన్లు కలపాలో రాసుండే ఫైల్) పాత స్వాప్ లైన్ తీసెయ్, లేదంటే బూట్ అయ్యేటప్పుడు లేని స్వాప్ కోసం నిమిషంన్నర ఎదురుచూస్తుంది. దీనికంటే ముందు జర్నల్ లాగ్‌లు (సిస్టమ్ రాసుకునే చిట్టాలు), పాత స్నాప్‌లు (యాప్ ప్యాకేజీల పాత వెర్షన్లు) ఎంత తిన్నాయో చూడు.

బురుజుకింద: లాగ్‌లు తుడిస్తేనే 3 జీబీ వచ్చింది! స్వాప్ పని ఆదివారం చేస్తా. శనివారం ఫొటోలకు ఇంకో డిస్క్ కొంటా.

పెన్నగట్టు: చీనీతోటా, ఆ పాత డిస్క్ పారేశావా? దాని మీద మళ్లీ ఏమీ రాయకపోతే ఫొటోరెక్ నడిపి చూడు. పార్టిషన్ చెడినా ఫైళ్ల ఆనవాళ్లు పట్టి వెతుకుతుంది. అన్నీ వస్తాయని చెప్పను.

చీనీతోట: బీరువాలో ఉంది. నువ్వు చెబుతున్నావంటేనే టెన్షన్. ముందు ఆ డిస్క్‌కే కాపీ తీసుకోవాలా?

పెన్నగట్టు: తీసుకో. ఈసారి చెబుతున్నా.