అప్‌డేట్ పదేపదే విఫలమవుతుంటే ఫార్మాట్ కొట్టించడమే దారా?

కర్నూలు డీటీపీ:
మా ఇంటి డెస్క్‌టాప్‌లో విండోస్ నెలవారీ అప్‌డేట్ పూర్తిగా డౌన్‌లోడ్ అవుతోంది కానీ, రీస్టార్ట్ అయ్యాక కొంత శాతం వరకు వెళ్లి, మార్పులను రద్దు చేస్తున్నట్టు చూపి, మళ్లీ పాత స్థితికే వస్తోంది. శుభలేఖలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు అన్నీ దీని మీదే టైపు చేస్తాను. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లు ఇందులోనే ఉన్నాయి. ఊళ్లో ఒక దుకాణంలో చూపిస్తే, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేస్తే తప్ప బాగుపడదన్నారు. నిజంగా అది తప్పనిసరేనా, లేక తొందరపాటా? అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను.

కడప సర్వీసు:
ఆ దుకాణంవారిని నేను తప్పుపట్టను. పాత హార్డ్ డిస్కు, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఒక్కొక్క మరమ్మతు కమాండ్ పూర్తి కావడానికే గంటలు పడుతుంది, అంతసేపు చేసినా అప్‌డేట్ ఎక్కుతుందన్న హామీ లేదు. ఫార్మాట్ అయితే ఒక పూటలో పని ముగుస్తుంది, యంత్రమూ చురుకుగా నడుస్తుంది. పైగా మా దగ్గరికి వచ్చే కంప్యూటర్లలో చాలావాటిలో ఉన్నది అసలు విండోస్ కాదు. ఎవరో కొన్ని భాగాలు తీసేసి తేలిక చేసిన ప్రతిని పెన్ డ్రైవ్ నుంచి వేసి ఉంటారు. ఉండవలసిన భాగాలే లేనిచోట అప్‌డేట్ దేని మీద కూర్చుంటుంది?

అనంతపురం ల్యాబ్:
చివరి మాట ముమ్మాటికీ నిజం. అయితే ఆ నిర్ణయానికి రావడానికి ముందు చూడవలసినవి ఉన్నాయి. సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ హిస్టరీలో విఫలమైన అప్‌డేట్ పేరు, దాని పక్కన లోపం సంఖ్య ఉంటాయి. ఆ రెండింటినీ కాగితం మీద రాసుకోకుండా ఫార్మాట్ గురించి మాట్లాడటం, పరీక్ష చేయకుండానే ఆపరేషన్‌కు సిద్ధపడటం వంటిది. ఆ సంఖ్య 80070070తో ముగిస్తే డిస్కులో చోటు చాలలేదని అర్థం. అనవసరమైన ఫైళ్లు తీసేస్తే సరిపోయే పనికి ఫార్మాట్ ఎందుకు?

80070643 అనే సంఖ్య సంగతి వేరు. అది చాలా కారణాలకు వస్తుంది కనుక సంఖ్య ఒక్కటే చాలదు, ఏ అప్‌డేట్‌కు వచ్చిందో కూడా చూడాలి. 2024 జనవరిలో విడుదలైన కేబీ5034441 విండోస్ 10లో ఇదే సంఖ్యతో ఎన్నో ఇళ్లలో ఆగిపోయింది. కారణం, విండోస్ పాడైతే బాగుచేసుకోవడానికి డిస్కులో వేరుగా ఉంచే రికవరీ విభాగంలో 250 ఎంబీ ఖాళీ లేకపోవడం. మైక్రోసాఫ్ట్ స్వయంగా చెప్పిన పరిష్కారం ఆ విభాగాన్ని పెంచుకోవడమే. ఆ సమయంలో ఫార్మాట్ కొట్టించినవారికి కూడా, కొత్తగా ఏర్పడిన రికవరీ విభాగం చిన్నదైతే, అదే లోపం మళ్లీ ఎదురయ్యే వీలుంది.

సంఖ్య రాసుకున్న తర్వాత పెన్ డ్రైవ్‌లు, బయటి హార్డ్ డిస్కులు తీసేసి ఒకసారి ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే అప్‌డేట్ సర్వీసులను ఆపి, విండోస్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ పేరు మార్చండి. సగంలో పాడైన డౌన్‌లోడ్లు ఉంటే వాటి బెడద పోతుంది. అయితే హిస్టరీ జాబితా కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది కనుక అది కనిపించకుండా పోతుంది. సంఖ్యను ముందే రాసుకోమన్నది అందుకే. తరువాత డిస్మ్ కమాండ్‌తో విండోస్ తన మూల భాగాల నిల్వను సరిచేసుకోనిచ్చి, ఆపైన పాడైన విండోస్ ఫైళ్లను సరిచేసే ఎస్‌ఎఫ్‌సీ కమాండ్ నడపాలి. ఎస్‌ఎఫ్‌సీ మంచి ఫైళ్లను తెచ్చుకునేది ఆ నిల్వ నుంచే, కాబట్టి వరుస తారుమారైతే ఫలితం ఉండకపోవచ్చు. ఇవన్నీ విఫలమైనా, మైక్రోసాఫ్ట్ ఐఎస్ఓను, అంటే విండోస్ మొత్తం ఉండే ఫైలును, ఇప్పుడున్న విండోస్ లోపలి నుంచే నడిపి, ఫైళ్లు, యాప్‌లు అలాగే ఉంచాలన్న ఎంపికతో తిరిగి వేసుకోవచ్చు. టైపింగ్ మీద బతికేవారికి ఇది ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. అను, పేజ్‌మేకర్ తిరిగి ఎక్కించుకుని పాత ఫైళ్లు సరిగ్గా తెరుచుకునేలా చూసుకోవడం ఒక పూటతో తేలే పని కాదు.

ప్రొద్దుటూరు పాఠకుడు:
ఇంత శ్రమ దేనికి? అప్‌డేట్లు ఆపేస్తే సరిపోతుంది కదా! 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి సొంత ఫైళ్లనే చెరిపేయడంతో, మైక్రోసాఫ్ట్ కొద్ది రోజులకే దాన్ని నిలిపివేయవలసి వచ్చింది. పనిచేస్తున్న యంత్రాన్ని కదిలించకపోవడమే మేలని నా అభిప్రాయం.

అనంతపురం ల్యాబ్:
2018 నాటి సంగతి నిజమే, దాన్ని తక్కువ చేయను. కానీ దాని నుంచి నేర్చుకోవలసింది అప్‌డేట్‌కు ముందు ఫైళ్లకు మరో ప్రతి తీసుకోవాలని మాత్రమే. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై వైరస్ ప్రబలినప్పుడు దాన్ని అడ్డుకునే అప్‌డేట్ అప్పటికి రెండు నెలల క్రితమే, మార్చి 14న, విడుదలై ఉంది. వేసుకోని కంప్యూటర్లే ఎక్కువగా దెబ్బతిన్నాయి. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కూడా కొన్ని ఉన్నాయి. కొద్ది రోజులు ఆగి చూడాలనుకుంటే విండోస్‌లోనే ఐదు వారాల వరకు వాయిదా వేసుకునే వీలుంది. అదే కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు చేస్తూ శాశ్వతంగా ఆపేయడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

కర్నూలు డీటీపీ:
హిస్టరీ చూశాను. సంఖ్య 800ఎఫ్081ఎఫ్ అని ఉంది. డిస్మ్ నడిపినా అదే సంఖ్య చూపి ఆగిపోయింది. విండోస్ కంప్యూటర్ కొన్నప్పుడు దుకాణంవారు వేసి ఇచ్చినదే. దానిలో కొన్ని మామూలు యాప్‌లు మొదటి నుంచీ కనిపించడం లేదు.

కడప సర్వీసు:
మూల ఫైళ్లు దొరకలేదని చెప్పే సంఖ్య అది. యాప్‌లు కూడా లేవంటున్నారు కనుక, నేను మొదట చెప్పిన తేలిక ప్రతి ఇదే అయ్యుంటుంది. ఐఎస్ఓతో పైనుంచి వేసే ప్రయత్నం ఒకసారి చేయండి, అభ్యంతరం లేదు. అయితే ఇలాంటి ప్రతుల మీద అది మధ్యలో ఆగిపోవడం నేను చూశాను. అలా ఆగితే ఫార్మాట్ తప్పదు. ముందుగా డిస్కు ఆరోగ్యం చూపించుకోండి. బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్కులో పాడైన చోట్లు, ఉంటే ఏ విండోస్ వేసినా నిలవదు, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవలసిందే.

అనంతపురం ల్యాబ్:
ఈ సందర్భంలో నేను కూడా మీతో ఏకీభవిస్తున్నాను. కానీ అదే దుకాణంలో అదే పెన్ డ్రైవ్‌తో ఫార్మాట్ కొట్టిస్తే మళ్లీ అదే తేలిక ప్రతి వస్తుంది, ఆరు నెలలకో ఏడాదికో ఇదే ప్రశ్న తిరిగి వస్తుంది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీరే కనీసం ఎనిమిది జీబీ పెన్ డ్రైవ్ తయారు చేసుకుని తీసుకెళ్లండి. మీది విండోస్ 10 అయితే 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు మద్దతు ముగిసింది కనుక, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ప్రాసెసర్ అనుమతిస్తే నేరుగా 11 వేయించుకోవడమే నయం.

కర్నూలు డీటీపీ:
అలాగే చేస్తాను. ఫైళ్లు, ఫాంట్లు ముందుగా బయటి డిస్కులోకి ఎక్కించి, మరో కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్నాకే ఐఎస్ఓ జోలికి వెళ్తాను. ఈ ఎండాకాలంలో సాయంత్రాలు కరెంటు పోతోంది. మా ఇన్వర్టర్ మారే క్షణంలో కంప్యూటర్ ఆగిపోతోంది, దానికేం చేయాలి?

కడప సర్వీసు:
ఇన్వర్టర్‌కు వెనకో ముందో యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. చాలావాటికి ఉంటుంది. ఆ మోడ్‌లో సరఫరా త్వరగా మారుతుంది. లేకపోతే డెస్క్‌టాప్‌కు వేరే చిన్న యూపీఎస్ పెట్టి, ఉదయం పూట మొదలుపెట్టండి.