అమ్మానాన్నతో ఇచిటక్నీ నదికి వెళ్తున్నాం, సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు పక్కన గుడిపాల. ఫ్లోరిడాలో గేన్స్‌విల్‌కి వచ్చి నాలుగు నెలలైంది. జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు. ఆఫీసులో ఎవరిని అడిగినా ఇచిటక్నీ స్ప్రింగ్స్ స్టేట్ పార్క్‌కి తీసుకెళ్లమంటున్నారు. గాలి నింపిన రబ్బరు ట్యూబ్ మీద కూర్చుంటే నదే మెల్లగా తీసుకుపోతుందట. నాకు ఈత కొద్దిగా వచ్చు. మా ఆవిడకు, అమ్మకు అసలు రాదు. నాన్న చిన్నప్పుడు బావిలో బాగా ఈదేవాడు, ఇప్పుడు 63 ఏళ్లు. పాపకు ఐదేళ్లు. పులిహోర కట్టుకుని పోదామని అమ్మ ఫోన్‌లో ఇప్పటి నుంచే అంటోంది. వెళ్లొచ్చా? ఏమేమి చూసుకోవాలి?

జవాబు:

తమ్ముడూ, తప్పకుండా వెళ్లండి. నేను తిరుపతి నుంచి రాస్తున్నాను. జాక్సన్‌విల్‌లో పదకొండేళ్లు ఉండి, రెండేళ్ల కిందట ఇంటికి వచ్చేశాం. అక్కడ వదిలి వచ్చిన వాటిలో నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ నదే. మీ అమ్మానాన్న కూడా చూసి తీరాల్సిన చోటు. కానీ ఒక్క మాట ముందే చెప్తాను, మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవద్దు. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ లేకుండా ఆ నీళ్లలో దిగకూడదు. వచ్చినవాళ్లు కూడా వేసుకుంటేనే మేలు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మనం నీళ్లు లేని చోట పెరిగినవాళ్లం. నా చిన్నప్పుడు స్వర్ణముఖిలో ఇసుకే ఎక్కువ, ఆ ఇసుకలో చెలమ తీసి నీళ్లు తోడుకునేవాళ్లు. కపిలతీర్థంలో నీళ్లు బాగా దూకాలంటే వాన పడాలి. తలకోనలోనో, కైలాసకోనలోనో ధార కింద తల పెట్టి నిలబడటమే మనకు తెలిసిన జలకాలాట. కాళ్ల కింద బండ ఉంటుంది, చుట్టూ మనుషులుంటారు. పారే నీళ్లలో కాళ్లకు నేల అందకపోతే ఏం చెయ్యాలో మనలో చాలామందికి తెలియదు. అమెరికాలో చెరువుల్లో, జలపాతాల్లో మన పిల్లలు మునిగిపోయారన్న వార్త వచ్చిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

మా ఇంట్లోనే జరిగింది చెప్తాను. మా ఆయన పిన్నమ్మ కొడుకు ఇరవై ఆరేళ్లవాడు, గట్టి మనిషి, ఈత రాదు. జాకెట్ కారు డిక్కీలోనే వదిలేసి వచ్చాడు. నీళ్లు ఇంత నెమ్మదిగా ఉన్నాయి కదా, ఎందుకొదినా అన్నాడు. నేనూ ఊరుకున్నాను, అది నా తప్పు. ఒక మలుపులో ఒడ్డు మీద చెట్టు నీళ్ల మీదికి వంగి ఉంది. ట్యూబ్ పోయి ఆ కొమ్మలకు తగిలింది. వాడు రెండు చేతులా కొమ్మ పట్టుకున్నాడు, ట్యూబ్ మాత్రం కింది నుంచి జారిపోయింది. అంతే, నీళ్లలో పడ్డాడు. కేక కూడా రాలేదు. తల వెనక్కి వాలిపోయి, నోరు నీటి మట్టానికి వస్తూ పోతూ, చేతులు మాత్రం నీళ్లను కిందికి నొక్కుతూ ఉన్నాయి. పక్క ట్యూబ్ మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్లు దూకి పట్టుకున్నారు. బయటికి వచ్చి చూస్తే అక్కడ లోతు వాడి తలకంటే జానెడు ఎక్కువ, అంతే. ఆ జానెడు చాలు కదా.

మునిగేవాళ్లు సినిమాలో లాగా అరవరు, చేతులు ఊపరు. ఊపిరికే సమయం చాలదు, ఇక అరవడానికి ఎక్కడిది? అందుకే ఎవరైనా ఉన్నట్టుండి మౌనమైపోతే వెంటనే చూడు.

నీళ్లు అంత తేటగా ఉండటం కూడా మోసమే. అడుగున ఇసుక రేణువులు, గడ్డి పోచలు, చేప నీడ అన్నీ కనిపిస్తాయి. నడుము లోతే అనుకుంటాం. తేట నీళ్లలోకి పైనుంచి చూస్తే లోతు ఉన్నదాంట్లో ముప్పాతిక వంతే కనబడుతుంది. ఎనిమిది అడుగుల గుంట ఆరడుగుల్లాగా ఉంటుంది. కాబట్టి కంటితో చూసి దిగొద్దు. తలకిందులుగా దూకనే వద్దు.

నది సంగతి కొంచెం చెప్తాను, మీ నాన్నగారికి చెప్తే సంబరపడతారు. ఆ ప్రాంతమంతా ఇసుక కింద సున్నపురాయి. వాన నీరు ఇంకి, ఆ రాతి సందుల్లో చేరి, నిండి, తన ఒత్తిడితో తానే పైకి ఉబుకుతుంది. పెద్ద ఊటలు ఎనిమిది ఉన్నాయి, అవన్నీ కలిసే ఈ నది. ఆరు మైళ్లు పారి శాంటా ఫే నదిలో కలుస్తుంది. 1970లో రాష్ట్ర ప్రభుత్వం ఆ స్థలం కొని పార్కు చేసింది. 1972లో దానికి జాతీయ సహజ చిహ్నమనే గుర్తింపు వచ్చింది. ఎండాకాలమైనా, జనవరి అయినా నీళ్లు 72 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 22 డిగ్రీలు. భూమి లోపలి నుంచి వస్తాయి కాబట్టి ఆ వేడి మారదు.

మా మామగారు మొదటిసారి ఆ ఊట చూసి ఒడ్డునే కూర్చుండిపోయారు. ఆయనకు పాకాల దగ్గర నాలుగెకరాలు ఉండేది. మూడు బోర్లు వేశారు, చివరిది వెయ్యి అడుగులు దాటింది, పైకొచ్చింది తెల్లటి దుమ్మే. ఆ మనిషి మోటారు లేకుండా, కరెంటు లేకుండా నీలంగా ఉబుకుతున్న నీళ్లను చూసి, "దీనికి ఎవరైనా కాపలా ఉంటారా అమ్మా?" అని అడిగారు. ఉంటారని చెప్పాను, రేంజర్లను చూపించాను. ఆయన వాళ్లకు దండం పెట్టారు. చుట్టుపక్కల పొలాల ఎరువులు, సెప్టిక్ ట్యాంకుల నీరు ఇంకి, నైట్రేట్లు పెరిగి, ఊటల్లో నాచు పట్టడం అక్కడా పెద్ద సమస్యే. అందుకే నియమాలు అంత కఠినంగా పెట్టారు. వాటిని విసుక్కోకుండా పాటించండి.

పులిహోర సంగతి. తీసుకెళ్లండి, కానీ నది మీదికి కాదు. తిండి, తాగేవి, సిగరెట్లు, పారేసే కవర్లు, సీసాలు ఏవీ నది మీద ఒప్పుకోరు. పిక్నిక్ బల్లల దగ్గర కూర్చుని తినొచ్చు. నీళ్లలో గంటన్నర ఉండి వచ్చాక ఆ పులిహోర రుచే వేరు. స్టీలు డబ్బాలో పెట్టుకో, చద్ది పులిహోర అయితే ఇంకా మంచిది. మద్యం అసలు తీసుకుపోవద్దు.

ట్యూబింగ్ కాలం మెమోరియల్ డే నుంచి లేబర్ డే దాకా, అంటే మే చివరి సోమవారం నుంచి సెప్టెంబర్ మొదటి సోమవారం వరకు. ట్యూబ్‌ల కోసం దక్షిణం గేటుకు వెళ్లాలి. పార్కు బయట రోడ్డు మీద అద్దెకిచ్చే కొట్లుంటాయి. శని, ఆదివారాల్లో పార్కింగ్ నిండితే గేటు దగ్గరే ఆపేస్తారు. ఎనిమిదింటికి గేటు తీసేసరికి అక్కడ ఉండేలా బయలుదేరు. పొద్దున్నే వెళ్లమనడానికి ఇంకో కారణం పిడుగులు. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్ముతుంది. ఉరుము వినబడితే నీళ్లలో ఉండకూడదు.

మీ అమ్మగారి గురించి నా అభిప్రాయం వేరు. ఆమెను ట్యూబ్ ఎక్కించకు. ఎక్కడం దిగడం మోకాళ్లకు కష్టం, మధ్యలో వద్దనుకుంటే ఎక్కడ పడితే అక్కడ దిగే వీలుండదు. ఇంకో రోజు ఉత్తరం గేటు వైపు తీసుకెళ్లు. అక్కడ తల్లి ఊట ఉంది, నెమ్మదిగా దిగి అంచునే నిలబడొచ్చు, అక్కడా జాకెట్‌తోనే. మా అత్తగారు అక్కడే మూడు మునకలు వేసి, తల తుడుచుకోకుండా చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డారు. తర్వాత కొంగుముడి విప్పి పసుపు కుంకుమ తీశారు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆమెకు మనసు కష్టమైంది. ఇది తాగే నీళ్లమ్మా, ఈ ఊరి బావులన్నీ ఈ నీళ్లేనని చెప్పాక, నమస్కారం పెట్టుకుని ముడి మళ్లీ వేసుకున్నారు. మీ అమ్మకు ముందే ఇంట్లోనే చెప్పు, అక్కడ వద్దంటే బాధపడతారు. చిల్లర నాణేలు కూడా వేయకూడదు.

బట్టల విషయంలో మొహమాటం వద్దు. నూలు చుడీదార్, చీర తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. ఒంటికి పట్టే పూర్తి చేతుల ఈత చొక్కా, లెగ్గింగ్స్ దొరుకుతాయి, మన ఆడవాళ్లకు అవి హాయి. బంగారు గొలుసులు ఇంట్లో పెట్టి రావాలి. కళ్లద్దాలకు తాడు కట్టుకోండి. కారు తాళం జిప్ జేబులో.

ట్యూబ్ మీద ఉన్నంతసేపు కాళ్లు అడుక్కి తన్నొద్దు, అడుగున ఉన్న గడ్డి తాబేళ్లకూ చేపలకూ ఇల్లు. మొసళ్ల గురించి అమ్మ తప్పకుండా అడుగుతుంది. అక్కడ అరుదే, కానీ ఫ్లోరిడాలో ఏ మంచినీళ్లలోనైనా ఉండొచ్చనే అనుకోవాలి. కనబడితే దూరం జరగాలి, తిండి వేయడం చట్టప్రకారం నేరం.

టాంపా నుంచి ఇంకొకరి జవాబు:

అక్క చెప్పినవన్నీ నిజం. ఒకటి కలుపుతాను. 22 డిగ్రీలంటే మనవాళ్లు ఏసీ గదే కదా అనుకుంటారు. నీళ్లు గాలికంటే ఎన్నో రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. మా అబ్బాయికి అరగంటకే పెదాలు నీలంగా మారాయి. పాప కోసం మందపాటి తువ్వాలు, పొడి బట్టలు ట్యూబ్ దిగే చోట ఒకరి చేతిలో ఉండేలా చూసుకోండి.

అడిగిన తమ్ముడు:

చానా థాంక్స్ అక్కా, అన్నా. నాన్నతో మాట్లాడాను. "నాకెందుకురా జాకెట్, నేను బావిలో పై నుంచి దూకినోడిని" అంటున్నాడు. ఎలా ఒప్పించాలి? పాపకు చేతులకు తగిలించే గాలి బుడగలు ఉన్నాయి, అవి సరిపోతాయా?

జవాబు:

గాలి బుడగలు వద్దే వద్దు. చేతుల నుంచి జారిపోతాయి, గాలి దిగిపోతుంది. లోపల యూఎస్ కోస్ట్ గార్డ్ ఆమోదం అని చీటీ ఉన్న జాకెటే కొను. పిల్లలకు బరువును బట్టి, పెద్దలకు ఛాతీ చుట్టుకొలతను బట్టి సైజులుంటాయి. పాపకు వేసి, బకిల్స్ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడు. గడ్డం, చెవులు అందులోకి దిగిపోతే సైజు పెద్దదన్నట్టు. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది అడుగు. ఇంట్లోనే రెండు రోజులు వేసి తిప్పు, అలవాటైతే నది దగ్గర ఏడవదు. వీలుంటే నువ్వూ మీ ఆవిడా ఈ లోపు వైఎంసీఏలో పెద్దల ఈత తరగతులకు చేరండి.

నాన్నగారిని ఇలా అడుగు: ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు ఏం కట్టారు నాన్నా అని. మన వైపు బెండు కట్టకుండా ఏ తాతా మనవడిని బావిలోకి దించలేదు. మా తాత మునగ బెండ్లు రెండు తాడుతో కట్టి, ముడి తన పంటితో బిగించి, వీపు మీద చరిచి తోసేవాడు. ఆ తాడు గుచ్చుకున్న మచ్చ నా నడుం మీద చాలా ఏళ్లు ఉండేది. లైఫ్ జాకెట్ అంటే ఆ బెండే, గుడ్డ కుట్టి ఇచ్చారంతే. పైగా ఆయన ఈదింది నిలకడ నీళ్లలో, పట్టుకోవడానికి చుట్టూ బావి గోడ ఉంది. ఇక్కడ నీళ్లు కదులుతాయి, 63 ఏళ్ల ఊపిరి పాతికేళ్లప్పటిది కాదు. ఇంకా వద్దంటే, "నువ్వు వేసుకోకపోతే పాప కూడా విప్పేస్తుంది" అను. ఆ ఒక్క మాటకు మా మామగారు మారు మాట్లాడకుండా బకిల్ పెట్టుకున్నారు.