ఒక్క డిస్క్ రోగానికి డ్రైవర్ మొత్తం బంద్ పెట్టిన, తప్పేంది?

హన్మకొండ తమ్ముడు: అన్నలూ, మా బాబాయికి చౌరస్తా దగ్గర ఫోటో స్టూడియో ఉంది. పెండ్లి వీడియోలు లినక్స్ సిస్టం నుంచి బయటి యూఎస్‌బీ డిస్క్‌లకు ఎక్కిస్తుంటే నడిమిట్ల డిస్క్ గాయబ్ అయితుంది. డీమెసేజ్ అనే కెర్నల్ లాగ్‌ల యూఏఎస్ (యూఎస్‌బీ డిస్క్‌లను వేగంగ నడిపే పద్ధతి) అబార్ట్, వెనుకనే రీసెట్ అని వస్తున్నయి. కేబుల్, పోర్టు మార్చి చూసిన. ఆఖరికి లినక్స్ కెర్నల్ సోర్స్‌ల యూఏఎస్ డ్రైవర్ ఏ డిస్క్‌కూ పట్టకుండ ఒక లైను మార్చిన, మంచిగ నడుస్తుంది. ఈ మార్పును ప్యాచ్‌గ లినక్స్ వాళ్లకు పంపుతనంటే మా సీనియర్ నవ్విండు.

కాజీపేట అన్న: ఒకరింట్ల ఫ్యూజు పోతుందని ట్రాన్స్‌ఫార్మరే బంద్ పెట్టినవు తమ్మీ, నవ్వడా మరి! యూఏఎస్ ఉంటే డిస్క్‌కు చాలా కమాండ్లు ఒకేసారి క్యూల పెట్టొచ్చు. పాత పద్ధతిల ఒకటి అయిపోయినంకనే ఇంకొకటి. నీ ఒక్క డిస్క్ కోసం అందరి ఎస్ఎస్‌డీలు నెమ్మదైతయి. సరే, డిస్క్ ఎప్పుడు పోతుందో టైం చూసినవా?

హన్మకొండ తమ్ముడు: ఇప్పుడే లాగ్ చూసిన. సరిగ్గ అర్ధగంటకోసారి!

కాజీపేట అన్న: స్మార్ట్‌డీ అనే ప్రోగ్రాం నడుస్తున్నట్టుంది. అది మామూలుగ 1800 సెకన్లకోసారి డిస్క్ ఆరోగ్యం అడుగుతది. ఆ ఏటీఏ కమాండ్ (సాటా డిస్క్ సొంత భాషల అడిగేది) పోంగనే డిస్క్ కేసుల యూఎస్‌బీని సాటాకు కలిపే బ్రిడ్జి చిప్ బిగుసుకపోతుండొచ్చు. యూఎస్‌బీ స్టోరేజ్ మాడ్యూల్‌కు క్విర్క్స్ (తేడా చేసే డిస్క్‌లకు మినహాయింపులు) అని పారామీటర్ ఉంటది. దాంట్ల వెండర్ నంబరు, ప్రోడక్ట్ నంబరు, అక్షరం, నడుమ కోలన్లు పెట్టి రాయి. ‘యూ’ పెడితే యూఏఎస్సే పోతది, ‘టీ’ పెడితే ఆ ఏటీఏ కమాండ్లు మాత్రమే ఆగుతయి. ముందు ‘టీ’ చూడు. అక్షరం ఇంగ్లీషుల చిన్నదే ఉండాలె. రూట్‌గ (అడ్మిన్‌గ) సిస్ (/sys) ఫోల్డర్ల ఆ పారామీటర్‌ల రాసి డిస్క్ పీకి పెడితే చాలు, రీబూట్ కూడా వద్దు.

హన్మకొండ తమ్ముడు: ‘టీ’ తోనే ఆగింది అన్నా! రెండు గంటలు కాపీ పెట్టిన, ఒక్క రీసెట్ రాలే. మరి ప్యాచ్?

కరీంనగర్: ప్యాచ్ పంపాలంటే నేనొకటి చెప్త. ఆ వెండర్ నంబరు చాలాసార్లు నీ డిస్క్ కంపెనీది కాదు, బ్రిడ్జి చిప్‌ది. అదే చిప్ ఎన్నో పేర్లతోని అమ్ముతరు. కెర్నల్‌ల ఈ క్విర్క్‌లు రాసిపెట్టే అన్‌యూజువల్ యూఏఎస్ ఫైల్‌ల ఎంట్రీలు చూడు, చాలావాటికి రివిజన్ (డివైస్ వెర్షన్ నంబరు) 0000 నుంచి 9999 దాకా ఉంటది. అంటే ఫర్మ్‌వేర్ బాగుచేసిన చిప్ కూడా దాంట్లనే పడుతది. నీ చేతిల ఉన్న రివిజన్ ఒక్కటే రాయి.

కాజీపేట అన్న: ఔ. కావాలంటే రివిజన్ల హద్దు రేపు పెంచొచ్చు గానీ, ఒకసారి ఎక్కిన క్విర్క్‌ను తీయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. పరీక్షించే డిస్క్ ఎవరి దగ్గర ఉంటది? అందుకే డీమెసేజ్, ఎల్ఎస్‌యూఎస్‌బీ (యూఎస్‌బీ పరికరాల వివరాలు చూపే కమాండ్) పూర్తి అవుట్‌పుట్, ఏ కమాండ్‌కు పడిపోయిందో ప్యాచ్ సందేశంలనే రాయి. డ్రైవర్ కోడ్ నడిమిట్ల ‘ఈ డిస్క్ అయితే’ అని కండిషన్ మాత్రం పెట్టకు, ఎంట్రీ ఆ ఫైల్‌లనే ఉండాలె.

హన్మకొండ తమ్ముడు: నా రివిజన్ 1.00 అని చూపిస్తుంది, అదే పెడ్త. ‘టీ’ తోని ఏటీఏ కమాండ్లు ఆగినయి కాబట్టి, ఇగ స్మార్ట్ (డిస్క్ ఆరోగ్యం) రిపోర్ట్ కావాలంటే డిస్క్ కేసు విప్పి సాటా వైరుకు తగిలియ్యాలె కదా. బాబాయికింకా చెప్పలే.