‘ఫీట్కారంబునన్ దూలఁగన్’ – తూలిన కుమారకులు ఎవరు?

నాగులేరు:
ఓరుగల్లు వీధులను వర్ణించే పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడే పద్యం పొద్దుటి నుంచి వదలడం లేదు. పుస్తకం దగ్గర లేదు. గుర్తున్నంత రాస్తున్నాను.

ద్రుతతాళంబున వీరగుంఫితక ధుంధుంధుం కిటాత్కార సం
గతి వాయింపుచు ......... యతిగ్రామాభిరామంబుగా
యతిఁ గూడన్ ద్విపదప్రబంధమున వీరానీకముం బాడె నొ
క్కత ప్రత్యక్షరమున్ గుమారకులు ...త్కారంబునన్ దూలఁగన్

రెండో పాదంలో ఖాళీ ఎవరైనా పూరించండి. నాలుగో పాదంలో నా నోటికి ‘చీత్కారంబునన్’ అని వస్తోంది, కానీ ఏదో తేడాగా ఉంది. అసలు సందేహం వేరే: ఈ కుమారకులు ఎవరు? పాట వింటున్న పడుచువాళ్ళా, పాటలో ఉన్న బాలచంద్రుడూ అతని తమ్ముళ్ళూనా?

మత్తేభం:
ఖాళీలో ‘నాంతరాళిక’. నాలుగో పాదంలో ‘ఫీట్కారంబునన్’. ఛందస్సు మాత్రం ఈ తగవు తీర్చదు. యతిస్థానంలో ఉన్నది ‘ట్కా’, ‘క్కత’లోని కకారానికి అది సరిపోయింది. దాని ముందు ‘ఫీ’ ఉన్నా ‘చీ’ ఉన్నా గురువే కాబట్టి పద్యం చెడదు. మూడో పాదం యతి గమనించారా? ‘య’కు ‘వీరానీక’లోని ‘రా’ ఎలా కుదిరిందంటే వీర + అనీక అని విడదీసి అకారానికి చెల్లించాడు. అదే పాదంలో ‘ద్విపదప్రబంధ’ సమాసం కనుక ‘ద’ గురువయింది. కింద ‘ఒక్కత ప్రత్యక్షరమున్’ దగ్గర మాటలు వేరు కనుక ‘త’ లఘువుగానే నిలిచింది. ఇంత తూచి రాసినవాడు ‘ఫీట్’ అన్న ధ్వనిని యథాలాపంగా వేసి ఉండడు.

పాత అచ్చుప్రతి:
చీత్కారం కానే కాదు. సీత్కారం శృంగారానిది, ఛీత్కారం అసహ్యానిది, ఫూత్కారం పాముది, ఘీంకారం ఏనుగుది. ఫీట్కారం ఈ వీరులది. సంస్కృత నిఘంటువుల్లో వెతకడం అనవసరం, పాట వింటున్నవాళ్ళ గొంతులోంచి వచ్చిన చప్పుడును కవి యథాతథంగా పట్టుకున్నాడు.

నాగులేరు:
అయితే వినేవాళ్ళే అంటారా? ‘తూలఁగన్’ మాట?

ద్విపద ప్రియుడు:
నేను ఒప్పుకోను. తూలడం అంటే కూలడం కూడా. ఆమె ‘వీరానీకం’ పాడింది, అంటే సేనను పాడింది. ఆ సేనలో కుమారకులు ఎవరు? కారెంపూడి పోరుకు బాలచంద్రుడి వెంట వెళ్ళిన కుర్రవాళ్ళు. ఆమె ఒక్కో అక్షరం పలుకుతుంటే వాళ్ళు ఒక్కొక్కరుగా కూలుతున్నారు. నాకు ఈ పద్యం గొప్పగా కనిపించేది ఇందుకే, పాటే రణరంగం అయిపోయింది. పల్నాటి కథను పౌరుషగాథ అని ఊరుకుంటాం కానీ అది లోపాల గాథ. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒక్క బంతిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడు, మాల కన్నమదాసును కొడుకుగా చేసుకున్న బ్రహ్మనాయుడు, అంతటి పెద్దమనిషి కోడిపందెం మీద మాచర్ల రాజ్యాన్నే ఒడ్డాడు. అతని కోడి చిట్టిమల్లు ఓడింది, ఏడేళ్ళు అడవులపాలయ్యారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి గురజాల వెళ్ళిన అలరాజు తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర విషానికి బలయ్యాడు. చివరికి తూలింది మాత్రం పందెంతో ఏ సంబంధమూ లేని పిల్లలు.

కొణతం:
ద్విపద ప్రియుడు గారూ, కథ గురించి మీరు చెప్పిందంతా నిజం. పద్యానికి మాత్రం ఆ అర్థం పొసగదు. తరువాతి సీసం చూడండి. ఒకడు గర్జించి వీరసంబెటకోలతో పిక్కల మీద కొట్టుకుంటాడు. ఒకడు ఆలీఢపాదంతో, అంటే ఒక కాలు ముందుకు వేసిన యోధుడి భంగిమలో, వాలి కుంతం (ఈటె) పట్టినట్టు అభినయిస్తాడు. ఇంకొకడు కళ్ళు బిగించి ఇదే ఫీట్కారం చేస్తాడు. ఇవన్నీ ఆ పడతి పల్నాటి వీరులను పాడుతున్నప్పుడు జరిగేవని సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో కవే చెబుతాడు. కాబట్టి వీళ్ళు పాట ముందు నిలబడ్డవాళ్ళే.

మాది పల్నాడు. కార్తీకంలో కారెంపూడి ఉత్సవాలు అయిదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలని చెప్పే కొణతాలను ఊరేగిస్తారు. మందపోరు నాడు ఒక పడుచువాడిని దగ్గర నుంచి చూశాను. కొణతం రెండు చేతులా పట్టుకున్నాడు, పిడికిళ్ళు తెల్లబడ్డాయి, చూపు ఎవరి మీదా లేదు. పంబ దరువు మారినప్పుడల్లా పళ్ళ సందుల్లోంచి ఊపిరి తెగి ‘ఫీట్’ అనే వచ్చింది. మనిషి ముందుకు ఒరిగిపోతుంటే వెనకనుంచి ఇద్దరు నడుం పట్టుకున్నారు. ఆ ఒరగడమే తూలడం. కుమారకులంటే వీరాచారం (పల్నాటి వీరులను కొలిచే ఆచారం) పట్టిన పడుచువాళ్ళు.

ద్విపద ప్రియుడు:
ఇప్పటి ఆచారాన్ని కాకతీయుల ఓరుగల్లు వీధిలోకి తీసుకుపోవడం సాహసం.

కొణతం:
ఆ సాహసం నాది కాదు, కవిది. 12వ శతాబ్దపు పల్నాటి పోరును ప్రతాపరుద్రుడి ఓరుగల్లు వీధిలో పాడించింది ఆయనే.

పాత అచ్చుప్రతి:
‘కవి’ అంటున్నారు, ఎవరా కవి? వినుకొండ వల్లభరాయడి పేరుతో ఉన్నా, శైలి శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వాదించారు. అది ఒప్పుకుంటే ఈ పద్యం బరువే మారుతుంది. పల్నాటి వీరచరిత్రను ద్విపదలో రాసి మాచర్ల చెన్నకేశవుడికి అంకితమిచ్చినవాడూ శ్రీనాథుడే. అంటే ‘ద్విపదప్రబంధమున’ అన్నప్పుడు తను వీధిలో విన్న పాటను తలచుకుంటున్నాడు. నైషధం రాసిన చేత్తో ద్విపద ఎందుకు పట్టాడన్న ప్రశ్నకు నాకు ఇంతకన్నా మంచి జవాబు దొరకలేదు.

మత్తేభం:
శైలి ఒక్కటే రుజువైతే రావిపాటి త్రిపురాంతకుడి మాటేమిటి? సంస్కృతంలో ఆయన ప్రేమాభిరామం ఉండబట్టే ఇది పుట్టింది. ఈ సన్నివేశం మూలంలో ఎలా ఉండేదో చూద్దామంటే ఆ మూలం మనకు దక్కలేదు.

గురజాల ఆడపడుచు:
శ్రీనాథుడి మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. ‘చిన్న చిన్న రాళ్ళు చిల్లర దేవుళ్ళు / నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు’ అని మా సీమను ఈసడించినవాడే ఆ వీరులను ఎత్తుకున్నాడంటే నాకు నమ్మబుద్ధి కాదు. కారెంపూడిని కాశీతో పోల్చిన ‘వీరులు దివ్యలింగములు’ పద్యం కూడా ఆయన పేరు మీదే తిరుగుతోంది. ఒకే నోట ఈ రెండూనా?

పాత అచ్చుప్రతి:
ఒకే నోట రావచ్చునమ్మా. జొన్నకూడు మింగుడుపడని మనిషికి ఆ ఊరి వీరగుడి ముందు ఒళ్ళు జలదరించకూడదని లేదు కదా.

గురజాల ఆడపడుచు:
సరే. నాయకురాలు నాగమ్మ సంగతీ తేల్చండి. పందెంలో రాజ్యం ఒడ్డిన తప్పు నాయుడిది, సంధి మాట వచ్చినప్పుడు పడనివ్వని మొండితనం బాలచంద్రుడిది. లోకంలో చెడ్డపేరు మాత్రం నాయకురాలికే మిగిలింది. నలగామరాజు కొలువును ఒక ఆడమనిషి నడిపిందన్నదే అసలు నేరమైనట్టుంది.

ద్విపద ప్రియుడు:
బాలచంద్రుడి విషయంలో మొండితనం కన్నా పెద్ద తప్పు అనపోతును వెనక్కి పంపడం. బ్రాహ్మణ మిత్రుడు తనతో చస్తే పాపమని, నెపం చెప్పి ఇంటికి పంపి తను యుద్ధానికి వెళ్ళిపోయాడు. మోసం తెలిసి అనపోతు ప్రాణం తీసుకున్నాడు. కాపాడాలని ఆడిన అబద్ధమే చంపింది. నేను ‘కుమారకులు’ అన్న మాట దగ్గర ఆగిపోయేది అనపోతు కోసమే. రణరంగానికి చేరకుండానే తూలిన కుమారకుడు అతను. మీరెన్ని సీసాలు చూపినా నా చెవికి ఆ పద్యంలో అతనే వినిపిస్తాడు.

కొణతం:
వినిపించనివ్వండి, కాదనను. అన్వయం మాత్రం ‘పాడెన్ … తూలఁగన్’ అనే కుదరాలి: ఆమె పాడింది, వాళ్ళు తూలుతుండగా. ‘ప్రత్యక్షరమున్’ అన్న మాటను మీరు ఎటు కలుపుతారు?

ద్విపద ప్రియుడు:
తూలడానికే. అది మనిద్దరికీ సమానమే.

నాగులేరు:
అందరికీ నమస్కారం. ‘తూలనాడు’లోని తూల కూడా ఇదేనా అని అడుగుదామనుకున్నాను, కానీ మొదటిదే తేలలేదు.

మత్తేభం:
దాన్ని ఇందులో కలపకండి. తేలాల్సింది ఇంకొకటి ఉంది. మొదటి పాదంలో ‘వీరగుంఫితక’ అని అందరూ కలిపి చదువుతున్నారు. ఆ చివరి ‘క’ దేనికి? ‘వీరగుంఫిత’ దగ్గర ఆపి ‘కధుంధుంధుం కిటా’ అని చదివితే ‘క’ దరువులో మొదటి దెబ్బ అవుతుంది, యతి ‘ధుం’ మీద చక్కగా పడుతుంది.

పాత అచ్చుప్రతి:
‘గుంభితక’ అన్న పాఠం కూడా ఉంది.

మత్తేభం:
‘ఫి’ అయినా ‘భి’ అయినా నా ‘క’కు ఇబ్బంది లేదు. కొణతం గారూ, మీ ఊళ్ళో పంబ వాయించేవారిని అడగండి, వీరుల దరువు ‘క’తో ఎత్తుకుంటారా, ‘ధుం’తోనా?

కొణతం:
అడిగి రాస్తాను. మా వైపు ఇద్దరు రెండు రకాలుగా ఎత్తుకుంటారు, అది ముందే చెబుతున్నాను.