సమస్యాపూరణం: వేడి టీయె చలువ వేసవందు

నిర్వాహకుడు: రోహిణి కార్తె, పైగా కరెంటు లేదు. అయినా నిన్న నాలుగింటికి వాకిట్లో మంచాలు వేసి నలుగురినీ టీకి పిలిచాను. రెండో గ్లాసు అయ్యాక మా బావగారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ "ఇప్పుడు ప్రాణం చల్లబడిందిరా" అన్నారు. అంతే, సమస్య దొరికింది. ఇదే ఆఖరి పాదంగా పద్యం పూరించాలి, కానివ్వండి.

సఖినేటిపల్లి రేవు:
చెమట పట్టి మేను చిత్తడై తడిసిన
పైరగాలి వచ్చి పలకరించు
ముల్లు ముల్లుఁ దీయు మూలసూత్రమిదియె
వేడి టీయె చలువ వేసవందు

కడియం కవి: ముల్లు బాగానే దిగింది రేవుగారూ. కానీ దాళ్వా వరి (రెండో పంట) కోసేసి, కాలువలు కట్టేశాక మీకు పైరగాలి ఎక్కడ దొరికిందండి? నాది చూడండి.
సోడలిచ్చినపుడు చుట్టాలు కదలరు
కప్పు సెగకు లేచి గడప దాటి
పోదురింటివాని బొక్కసమునకిక
వేడి టీయె చలువ వేసవందు

సఖినేటిపల్లి రేవు: సముద్రం మీద నుంచి సాయంత్రానికి మాకు రోజూ వస్తుంది తమ్ముడూ. మీ కడియం చేరేసరికి నీరసపడుతుంది, నీ రెండో పాదంలాగే.

లాకుల మాస్టారు: రెండో పాదానికేం, బాగుంది. చలువను ఒంటి మీంచి తీసి బొక్కసంలో పెట్టాడు, ఈ వారానికి ఇదే విరుపు. కానీ ఒరేయ్, 'చుట్టాలు' ఏమిట్రా? 'చుట్టముల్ కదలరు' అంటే గణమూ నిలిచేది, భాషా నిలిచేది. 1870లో మహాకవి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు పుట్టిన మీ ఊళ్ళో నర్సరీ మొక్కలు తప్ప ఇంకేమీ మొలవడం లేదా?

కడియం కవి: టీ, సోడా పద్యంలోకి నడిచి వస్తే లేని అభ్యంతరం, పాపం చుట్టాలకా మాస్టారూ? ఉగాదికి మీరు పెట్టిన తాటిముంజల పద్యంలో 'త'కి 'ట'తో యతి వేసిందెవరు?

లాకుల మాస్టారు: అది ప్రాసయతి, మొదటి అక్షరాలకు బదులు వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలుస్తాయి. రెండో అక్షరం కూడా చూడటం నేర్చుకో.

ఆత్రేయపురం కోడలు: మీ గొడవలో టీ చల్లారిపోతోందండీ.
కొబ్బరాకు నీడఁ గుర్చీలు వేయించి
పూతరేకులు తెచ్చి పొందుపరచి
మాట కలిపి నవ్వు మల్లెలు చల్లగ
వేడి టీయె చలువ వేసవందు

సఖినేటిపల్లి రేవు: రెండో పాదంలో 'లు' ఎక్కువైంది అక్కయ్యగారూ, మూడో గణం దగ్గర కాలు జారింది. 'పూతరేకు తెచ్చి' అంటే సరి. 2023లో మీ ఊరి రేకులకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని బహువచనం వేసేశారా? నవ్వుల మల్లెలు మాత్రం బాగా వాడిన సరుకు.

ఆత్రేయపురం కోడలు: నలుగురొస్తే ఒక్క రేకు పెట్టమంటారా? మా అత్తగారు ఊరుకోరు.

లాకుల మాస్టారు: 'పూతరేకులెన్నొ పొందుపరచి' అను తల్లీ, అత్తగారూ ఛందస్సూ ఇద్దరూ శాంతిస్తారు. టీ గ్లాసు పట్టుకున్న తడిచేత్తో మాత్రం ఎవరినీ రేకు ముట్టుకోనివ్వకు. వేలికి అంటుకుపోయి, లోపలి బెల్లంపొడి ఒళ్ళోకి రాలుతుంది.

లంక రైతు: అసలు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. చెమట పట్టగానే సరిపోదండి, అది ఆవిరైతేనే ఒంట్లో వేడి పోతుంది. గాలి పొడిగా ఉండే ఊళ్ళలో రేవుగారి సూత్రం నడుస్తుంది. మన దగ్గర గాలే తడి. చెమట ఆరదు, బనీను పిండుకోవడమే.
గాలి తడిసి యుండఁ గారు చెమట యార
దెవరు చెప్పి రిట్టి తీపి మాట
కోనసీమ వచ్చి కుండ మజ్జిగ వీడి
వేడి టీయె చలువ వేసవందు

నిర్వాహకుడు: సమస్యనే ఎవరిదో మాట చేసి దులిపేశారు, భేష్! 'ఆర, దెవరు' అని పాదాల మధ్య పదం విరగడం ఒక్కటే పంటికింద రాయి. మా బావగారికి చదివి వినిపిస్తే ఇంకో గ్లాసు పోయమన్నారు.

సఖినేటిపల్లి రేవు: అందుకే కదండీ గాలి రావాలని నా రెండో పాదంలోనే పెట్టాను. గాలి లేని చోట కూర్చుని టీని తిడితే ఎలా?

కడియం కవి: మాస్టారూ, వెనక్కెళ్ళి ఉగాది పద్యం మళ్ళీ చదివాను. మొదటి గణంలో రెండో అక్షరం 'టి', నాలుగో గణంలో మీరు వేసింది 'ఠ'. ఇది ఏ యతండీ?