వానాకాలంలో కలంకారీ సాధన ఆగకుండా ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. తిరుపతిలో పగలు ఉద్యోగం, సాయంత్రం శ్రీకాళహస్తి కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మల గీత. ఇలా నేర్చుకునేవాళ్ల కోసం అడుగుతున్నాను.

కాఫీ తాగిన వెంటనే 20 నిమిషాలు, రోజూ అదే చాప, అదే మూల. ఇది కుదురుతుంది. అలవాటు తెగేది గీత దగ్గర కాదు, ముందు పనుల దగ్గర. గుడ్డ గంజి పోయేలా ఉతకాలి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి పిండి, ఎండలో ఆరేయాలి. పాలలో కొవ్వు తక్కువైతే గీత పాకిపోతుంది. కరక్కాయ తగ్గితే గీతకు నలుపు తేలదు. ఆ నలుపు కోసం తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో పులియడానికే రెండు మూడు వారాలు. కూర్చున్న రోజే ఇవన్నీ మొదలుపెడితే ఆ రోజు గీత ఉండదు. నెలకో ఆదివారం గుడ్డ సిద్ధం చేసి, జానెడు ముక్కలు కోసి పెట్టుకోవడమే మేలు.

అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర ముసురు. గుడ్డ ఆరక వాసన, ఆపైన బూజు.

సెప్టెంబరు ఎండలోనే ఐదు మీటర్లు, అంటే సుమారు 80 ముక్కలు, సిద్ధం చేస్తే డిసెంబరు దాకా నిలుస్తాయా? పురుగు పట్టకుండా దేనిలో చుట్టాలి? గుడ్డ లేని రోజు కాగితం మీద చింతబొగ్గుతో గీస్తే చాలా? ఉన్ని చుట్టిన కలాన్ని వేళ్లతో నొక్కి రంగు వదిలే పట్టు దానివల్ల తప్పిపోదా? చేయి తిరిగినవాళ్లు దయచేసి చెప్పండి.